బూరుగుకొండ మీద ఫ్రెంచి నిశ్శబ్దం

మా విహార మార్గాల మండలికి ఒక మంచి అలవాటు ఉంది. ఏ పని తలపెట్టినా, ముందు ఆ పని ఎప్పుడో అయిపోయిన దేశానికి వెళ్లి చూసి వస్తాం. బీచిలో వేసే కుర్చీల కోసం ఇటలీ వెళ్లాం. చెత్తబుట్టల కోసం జపాన్ వెళ్లాం. కుర్చీలూ రాలేదు, బుట్టలూ రాలేదు గాని మేం మాత్రం క్షేమంగా తిరిగొచ్చాం.

పోయినేడు మా డైరెక్టరు త్రివిక్రమరావు గారికి ఏదో పత్రికలో ఒక బొమ్మ కనిపించింది. ఫ్రాన్సులో కొండల మధ్య మెలికలు తిరిగిన సన్నటి తారు రోడ్డు, దాని మీద ఒకే ఒక్క సైకిలు, చుట్టుపక్కల నరమానవుడు లేడు. ఇక్కడ నిశ్శబ్దం కూడా వినిపిస్తుందని బొమ్మ కింద రాసి ఉంది. డైరెక్టరు గారు ఆ పేజీ చింపి ఫైల్లో పెట్టారు. ఆ ఫైలు మోసే సూపరింటెండెంటును నేను కనుక, సన్యాసిరావు అనే నేనూ ఫ్రాన్సు వెళ్లాను.

భాష కోసం యానాం నుంచి శౌరయ్య గారిని దుభాషిగా వెంట తీసుకెళ్లాం. చిన్నప్పుడు ఫ్రెంచి బళ్లో చదువుకున్న పెద్దాయన. తెలుగు ఎంత తీరిగ్గా మాట్లాడతారో ఫ్రెంచీ అంత తీరిగ్గా మాట్లాడతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఆయనకు ఇంకో విద్య రాదు. జరిగినదాంట్లో ఆయన తప్పు ఇసుమంతైనా లేదని ముందే చెప్పేస్తున్నాను, రేపు ఎవరైనా విచారణ సంఘం వేస్తే ఆయన్ని లాగొద్దు.

ఫ్రాన్సులో మాకు తలా ఒక సైకిలు ఇచ్చారు. రోడ్డు బాగుంది. అటూ ఇటూ పచ్చిక, రాతి గోడలు, దూరంగా ఆవులు. మొదటి ఎత్తు రాగానే డైరెక్టరు గారు సైకిలు దిగి, "అధ్యయనం సమగ్రంగా జరగాలంటే కొంత దూరం నుంచి పరిశీలించడం అవసరం," అని వెనకాల వస్తున్న వ్యానెక్కారు. తర్వాతి ఎత్తుకి మిగతా వాళ్లమూ సమగ్రంగా పరిశీలిస్తూ ఆ వ్యానులోనే ఉన్నాం. శౌరయ్య గారొక్కరే ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, సైకిలు నడిపించుకుంటూ, మధ్యమధ్య ఆగి గోడ మీద పిల్లిని పలకరిస్తూ వచ్చారు.

కొండ మీద ఒక చిన్న ఊరుంది. దాని పేరు శౌరయ్య గారికి తప్ప మాలో ఎవరికీ నోరు తిరగలేదు. ఆ ఊరి మేయరు గాస్టన్ గారు ట్రాక్టరు దిగి చేతులు తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చారు. మేయరంటే కారు, ముందొకడు వెనకొకడు ఉంటారని డైరెక్టరు గారి నమ్మకం. అందుకని కాసేపు ఆయన్ని ట్రాక్టరు డ్రైవరనుకుని పలకరించలేదు. తర్వాత తేరుకుని అసలు ప్రశ్న అడిగారు.

"ఇంతటి నిశ్శబ్దాన్ని తమరు ఏ విధివిధానాల ద్వారా సాధించారు?"

శౌరయ్య గారు అడిగారు. గాస్టన్ గారు నెత్తి మీద టోపీ తీసి చేత్తో పట్టుకుని చాలాసేపు మాట్లాడారు. శౌరయ్య గారు ముక్కముక్కకీ ఆపి తెలుగులో చెప్పారు.

"ముందు బస్సు ఆపేశారటండి, గిట్టుబాటు కావట్లేదని. బస్సు లేకపోయేసరికి కుర్రాళ్లు ఒక్కొక్కళ్లే పట్నం వెళ్లిపోయారట. పిల్లలు లేరని బడి మూసేశారట. బడి మూసేసరికి పిల్లలున్న మిగతా ఇళ్లూ ఖాళీ అయ్యాయట. ఆ తర్వాత రొట్టెల కొట్టు మూతపడిందట. గిరాకీ లేకండి. ఆఖర్న కాఫీ కొట్టు. ఇప్పుడు పక్క లోయలో ఆవు మెడలో గంట కదిలినా ఇక్కడ వినిపిస్తుందట. సైకిళ్ల వాళ్లు వస్తారట, ఎంత ప్రశాంతంగా ఉందో అని ఫొటోలు తీసుకుంటారట, పొద్దుగూకక ముందే వెళ్లిపోతారట."

అది చెప్పేటప్పుడు గాస్టన్ గారి కళ్లు తడిగా ఉన్నాయి.

"గర్వం," అన్నారు డైరెక్టరు గారు నా చెవిలో. ఆ వెంటనే, "రాసుకున్నావా?" అన్నారు.

ముందు బస్సు, తర్వాత బడి, తర్వాత రొట్టెల కొట్టు, ఆఖర్న కాఫీ కొట్టు. రాసుకున్నాను.

"దీనికి కన్సల్టెంటు ఎవరో కనుక్కోండి శౌరయ్యగారూ."

శౌరయ్య గారు అడిగి, "ఎవరూ లేరటండి. దానంతటదే అయిందట," అన్నారు.

డైరెక్టరు గారి ముఖం వెలిగిపోయింది. ఖర్చు లేకుండా దానంతటదే అయ్యే పథకం ఆయన సర్వీసులో ఇదే మొదటిది. గాస్టన్ గారి రెండు చేతులూ పట్టుకుని ఊపి, మా రాష్ట్రం తరఫున శాలువా కప్పారు. ఆయన ఆ శాలువాతోనే ట్రాక్టరెక్కి పొలానికి వెళ్లిపోయారు.

మా జిల్లాలో కొండలకు కొదవ లేదు. పాలపేట నుంచి బూరుగుకొండ పైకి ఒక ఘాట్ రోడ్డు పోతుంది. అటూ ఇటూ జీడితోటలు, పనస చెట్లు, రోడ్డు తమదే అన్నట్టు పడుకునే మేకలు. దాని మీద ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఒక ముసలి బస్సు ఎక్కి దిగేది. సగం కొండ ఎక్కేసరికి దాని ఇంజను వేడెక్కి పొగలు కక్కేది. సరిగ్గా అక్కడ అసిరమ్మ టీ కొట్టు ఉంది. డ్రైవరు సింహాచలం అక్కడ బస్సు ఆపి రేడియేటర్లో నీళ్లు పోసుకునేవాడు. అది చల్లబడే దాకా జనం దిగి టీ తాగేవాళ్లు.

కింది మలుపులో సింహాచలం హారన్ కొట్టగానే అసిరమ్మ పొయ్యి మీద పాలు పెట్టేది. బస్సు వచ్చి ఆగేసరికి పాలు పొంగేవి. ఆ పాల పాకెట్లు పాలపేట నుంచి తెచ్చేదీ ఆ బస్సే. కొట్టుకు పైన ఉన్న గుమ్మిడివలస వాళ్లు కూడా ఆ హారన్ విన్నాకే గంపలు సర్దుకుని రోడ్డు మీదికి వచ్చేవాళ్లు. కొండ మీద గడియారాలు లేక కాదు గాని, గడియారంలో వేళైనంత మాత్రాన బస్సు రాదని వాళ్లకు అనుభవం.

పథకం ప్రారంభ సభ ఆ టీ కొట్టు ముందే జరిగింది. షామియానా వేశారు. డైరెక్టరు గారు మైకు ముందు నిలబడ్డారు.

"బూరుగుకొండ మార్గాన్ని అంతర్జాతీయ ప్రమాణాలతో కూడిన నిశ్శబ్ద సైకిల్ మార్గంగా తీర్చిదిద్దాలన్న బృహత్సంకల్పంలో తొలి సోపానంగా, బస్సు సర్వీసును సగౌరవంగా ఉపసంహరిస్తున్నాం. దేశవిదేశాల నుంచి సైకిలిస్టులు తరలివస్తారు. మీరు చేయవలసిందల్లా నిశ్శబ్దంగా ఉండటమే."

అసిరమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. బక్కపలచటి మనిషి. గొంతు మాత్రం కొండకి సరిపడా ఉంటుంది.

"ఏటి బాబూ, బస్సు ఆపీసి మమ్మల్ని సైకిలెక్కి కొండెక్కమంటావా?"

"మిమ్మల్ని కాదమ్మా. పర్యాటకులను."

"ఆల్లు టీ తాగుతారా?"

"వారి నీళ్ల సీసాలు వారి వెంటే ఉంటాయి. మీ మీద ఎటువంటి భారమూ పడదు."

"బారం కాదు బాబూ, బతుకు గురించి అడుగుతన్నాను. బస్సు ఆగితే నా కొట్టు ఆగిపోద్ది. కొట్టు పోతే పాలపేటెల్లి ఒకల ఇంట అంట్లు తోమాల. నాకొద్దు. ఇక్కడే ఉంతాను."

డైరెక్టరు గారు చాలా దయగా నవ్వారు. "తల్లీ, కంగారు పడకు. ఫ్రాన్సులో కాఫీ కొట్టు ఆఖర్న మూతపడింది. నీ వంతుకు ఇంకా బోలెడు సమయం ఉంది," అన్నారు. ఆయన దాన్ని ఊరడింపుగానే అన్నారు.

పథకం అమలు చూడటానికి నన్ను అక్కడే వేశారు. నిశ్శబ్ద పర్యవేక్షణాధికారి అని హోదా, ఒక ప్లాస్టిక్ కుర్చీ, చప్పుడు కొలిచే మీటరు ఒకటి ఇచ్చారు. కుర్చీ అసిరమ్మ కొట్టు చూరు కిందే వేసుకున్నాను, నీడ అక్కడే ఉంది మరి. బస్సు ఆగిన మొదటి ఉదయం ఆమె అలవాటు కొద్దీ పాలగిన్నె కడిగి పొయ్యి పక్కన పెట్టుకుని కూర్చుంది. కింది మలుపు నుంచి ఏమీ వినబడలేదు. మధ్యాహ్నం ఆ గిన్నె బోర్లించేసింది. మీటరు చాలా తక్కువ చూపించింది. ఫలితాలు ప్రోత్సాహకరంగా ఉన్నాయని హెడ్డాఫీసుకు ఫోన్ చేసి చెప్పాను.

టీ అడిగితే బెల్లం కషాయం ఇచ్చింది.

"పాలు లేవా అమ్మా?"

"పాలు బస్సులో ఒస్తాయి. బస్సు నీ సంచీలో ఆ ఫైల్లో ఉంది. తీసి ఇయ్యి, కలుపుతాను."

రెండో దశ బడి. దీనికి విద్యాశాఖ అనుమతి కావాలని రాశాం. గుమ్మిడివలస బడిని పాలపేట బడిలో కలిపేసే ఫైలు తమ దగ్గర ఎప్పటి నుంచో నడుస్తోందని, ఇంకో శాఖకు కూడా ఇంత ముందుచూపు ఉన్నందుకు సంతోషమని వాళ్లు జవాబిచ్చారు. వారం తిరక్కుండా బడికి తాళం పడింది. పంతులు గారు పాలపేట వెళ్లిపోయారు. పిల్లలు జీడిచెట్లెక్కి కూర్చున్నారు. ఎక్కాలు వినిపించడం ఆగిపోయింది కాబట్టి మీటరు ఇంకా దిగింది.

చిక్కంతా మూడో దశ దగ్గర వచ్చింది. రొట్టెల కొట్టు మూయాలి. బూరుగుకొండ మీద రొట్టెల కొట్టు లేదు.

ఈ విషయం డైరెక్టరు గారికి ఫోన్లో చెప్పాను. "లేదంటే ఎలాగయ్యా? మధ్యలో ఒక దశ ఎగరగొడితే ఫలితానికి ఎవరు పూచీ? మూయడానికి వీలుగా ముందు ఒకటి తెరిపించండి," అన్నారు.

పాలపేటలో బేకరీ నడిపే మస్తాన్‌ని బతిమాలి తీసుకొచ్చాం. మండలి ఖర్చుతో పొయ్యి కట్టించాం, రేకుల షెడ్డు వేయించాం. డైరెక్టరు గారు స్వయంగా వచ్చి రిబ్బన్ కత్తిరించి, ఒక క్రీమ్ బన్ తిని, మూతి తుడుచుకుని, "ఇక మూసేయండి," అన్నారు. అప్పుడు శౌరయ్య గారు, ఆయన్ని గౌరవార్థం పిలిచాం లెండి, చిన్నగా దగ్గారు.

"మన్నించండి. అక్కడ మూయలేదండి, గిరాకీ లేక మూతపడింది. మేయరు గారు అలాగే అన్నారు."

అక్షరం ముఖ్యం. కాబట్టి గిరాకీ పడిపోయే దాకా బేకరీ తెరిచి ఉంచవలసిందేనని తేలింది. ఉన్న చిక్కల్లా, గిరాకీ పడిపోలేదు. పుట్టి బుద్ధెరిగాక వేడి బన్ను మొహం చూడని జనం చుట్టుపక్కల గూడేల నుంచి కాలినడకన వచ్చి మస్తాన్ షెడ్డు ముందు వరస కట్టారు. పిల్లలు జీడిచెట్లు దిగి వచ్చేశారు. గిరాకీ తగ్గించేందుకు తక్షణ చర్యలు తీసుకోమని ఆఫీసు నుంచి ఆదేశం వచ్చింది. రొట్టె గట్టిగా కాల్చమని మస్తాన్‌కి చెప్పాను. గోడకేసి కొడితే గోడ పెచ్చులూడేంత గట్టిగా కాల్చాడు. జనం దాన్ని అసిరమ్మ బెల్లం టీలో ముంచుకుని తిని, ఇదే ఇంకా బాగుందన్నారు.

మీటరు మళ్లీ పైకి లేచింది. అసిరమ్మ నా వైపు చూసి, "ఏం బాబూ, మీ మిసను కూడా ఆకలేసి లెగిసిందా?" అంది.

ఇదంతా ఇలా ఉండగా అసలు సంగతి ఒకటి మేం మరిచిపోయాం. సైకిళ్లు రాలేదు. దేశవిదేశాల మాట అటుంచి, పాలపేట నుంచి కూడా ఒక్క సైకిలూ రాలేదు. ఆ కొండ సైకిలు మీద ఎక్కేంత కోపం ఎవరికీ తన ఒంటి మీద లేదు. డైరెక్టరు గారు ఆలోచించి, మండలి సిబ్బంది వంతుల వారీగా ప్రతి శని ఆదివారాలు బూరుగుకొండ మార్గంలో సైకిలు తొక్కాలని ఉత్తర్వు ఇచ్చారు. ఉద్యోగుల సంఘం వాళ్లు వచ్చి, దిగడానికి అభ్యంతరం లేదు గాని ఎక్కడం తమ సర్వీసు నిబంధనల్లో లేదన్నారు. న్యాయమే. సైకిళ్లనూ సిబ్బందినీ కొండ పైకి చేర్చే వాహనం కావలసి వచ్చింది.

డిపోలో ఒక బస్సు ఖాళీగా పడి ఉందని తెలిసింది. అద్దెకు తీసుకున్నాం. అదే ముసలి బస్సు, అదే సింహాచలం. సిబ్బంది అలవాటు పడాలని వారమంతా నడపమన్నారు. బస్సు అని రాయడానికి వీల్లేదు గనక పక్కన సున్నం కొట్టి 'సైకిల్ వాహక సహాయ శకటం' అని రాయించాం. హారన్ తీసేశాం.

"హారన్ నేకుండా గాట్ రోడ్డులో ఎలా తిప్పుతానండి? ఎదురుగా లారీ ఒస్తే?" అన్నాడు సింహాచలం.

డైరెక్టరు గారు దానికీ మార్గం చూపించారు. స్టీరింగు పక్కన సైకిలు బెల్లు బిగించారు. మలుపు వచ్చినప్పుడల్లా సింహాచలం బస్సాపి, కిటికీలోంచి తల బయట పెట్టి, బెల్లు ట్రింగుమనిపించి, ఎదురుగా ఏమీ రావడం లేదని మా అటెండరు ముందుకు నడిచి వెళ్లి చేయూపాక కదిలేవాడు. కొట్టు దగ్గరికి వచ్చేసరికి బస్సులో మనుషులు కూడా ఇంజనులాగే పొగలు కక్కేవాళ్లు.

మొదటి రోజు ఆ శకటం నీళ్ల కోసం ఆగగానే అసిరమ్మ పరుగున వచ్చింది. ఆమె ముఖం చూశాను. పోయిన చుట్టం తిరిగొచ్చినట్టుంది.

"తమ్ముడూ, ఒచ్చీసినావా? రేపొద్దున పాల పాకెట్లకి నానొస్తాను."

సింహాచలం తల దించుకున్నాడు. "ఇది బస్సు కాదంట అప్పా. సైకిలున్నోల్నే ఎక్కించమన్నారు."

అసిరమ్మ నా వైపు తిరిగింది. నిబంధన చదివి వినిపించాను. సైకిలు గలవారు మాత్రమే. అది వింటూ ఆమె సిబ్బంది దించుకుంటున్న సైకిళ్ల వైపు చూసింది. మా అకౌంట్సు ఆఫీసరు తన సైకిలు విప్పి తెచ్చుకున్నాడు. చక్రాలొక సంచీలో, హ్యాండిల్ చంకలో.

"ఆయనది సైకిలేనా?"

"విప్పినా సైకిలు సైకిలేనమ్మా. దాని మీద మెమో కూడా ఉంది. సైకిలు గాని, సైకిలు భాగం గాని."

"అయితే సరే," అంది అసిరమ్మ. ఆ రోజుకి ఇంకేమీ అనలేదు. ఆమె మాట్లాడకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు. మీటరు కూడా గుర్తించింది.

గుమ్మిడివలసలో మొత్తం మీద ఒకే ఒక సైకిలుంది. ఎప్పుడో పోస్టుమ్యాను కొండెక్కలేక వదిలేసి వెళ్లినది. మర్నాడు ఉదయం శకటం తిరిగి కిందికి దిగుతూ కొట్టు దగ్గర ఆగేసరికి ఊరంతా రోడ్డు మీద నిలబడి ఉంది. ఒకాయన భుజాన హ్యాండిల్ ఉంది. ఇద్దరు ఆడవాళ్లు చెరొక పెడల్ గంపలో చింతపండు మీద పెట్టుకున్నారు. నెలలు నిండిన గురువులమ్మకు తేలిగ్గా ఉంటుందని బెల్లు ఇచ్చారు. ఒక ముసలాయన సీటు తల మీద పెట్టుకున్నాడు, ఎండకు కూడా పనికొస్తుందని. పాలపేట బడికి వెళ్లాల్సిన పిల్లలు తలా ఒక చక్రం చువ్వ పట్టుకుని వరసలో నిలబడ్డారు. అసిరమ్మ మెడలో చెయిను వేసుకుంది.

"నానూ సైకిలిస్టునే బాబూ," అంది నాతో. "సూసుకో."

మెమో తీసి మళ్లీ చదివాను. సైకిలు భాగం గాని, అనే ఉంది. నేను సంతకం పెట్టిన మెమో అది. పక్కకు తప్పుకున్నాను. బస్సు ఎక్కారు.

అప్పటి నుంచి రోజూ అంతే. మస్తాన్ కూడా మైదా బస్తాతో పాటు ఒక నట్టు జేబులో వేసుకుని ఎక్కేవాడు. అసిరమ్మ గిన్నెలో మళ్లీ పాలు పొంగాయి. హారన్ లేదు గనక కింది మలుపులో బస్సు కనబడుతుందేమోనని ఆమె మాటిమాటికీ రోడ్డు అంచుకు వెళ్లి తొంగి చూడాల్సి వచ్చేది. చాలాసార్లు బస్సు ముందే వచ్చేసేది, పాలు పచ్చిగా ఉండేవి. టీ తిరిగొచ్చిందన్న సంతోషంలో నేను ఫిర్యాదు చేయలేదు.

నెలాఖరుకి శకటం ఎక్కిన సైకిలిస్టుల లెక్క ఆఫీసుకు పంపాను. డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. దేశంలో ఏ మార్గంలోనూ అంతమంది లేరు. అందులో సగం మంది స్త్రీలు, చిన్నపిల్లలు. "స్త్రీల సైక్లింగులో విప్లవం," అని పత్రికలకు చెప్పారు. ఆ ఊపులో గాస్టన్ గారిని ముఖ్య అతిథిగా పిలిచారు.

గాస్టన్ గారు వచ్చారు. సొంత సైకిలు వెంట తెచ్చుకున్నారు. పొట్టి నిక్కరు వేసుకుని, పాలపేట నుంచి కొండ మొత్తం తొక్కుతానని బయల్దేరారు. డైరెక్టరు గారు వెనక కారులో వచ్చారు. నిశ్శబ్ద మార్గం గనక ఇంజను ఆపించారు. నలుగురు అటెండర్లు కారును తోసుకుంటూ కొండెక్కించారు. అందుచేత గాస్టన్ గారు, ఆయన వెంట మోటారు సైకిలు వెనకాల కూర్చున్న శౌరయ్య గారు, వాళ్లకంటే చాలా ముందే కొట్టు దగ్గరికి వచ్చేశారు.

గాస్టన్ గారు చెమటలు తుడుచుకుంటూ బల్ల మీద కూర్చున్నారు. అసిరమ్మ ఏమీ అడక్కుండానే టీ, ఒక గట్టి రొట్టె ముందు పెట్టింది. ఆయన రొట్టె వాసన చూశారు. విరిచారు. టీలో ముంచారు. మస్తాన్ షెడ్డు ముందు వరస వైపు చూశారు. అంతలో శకటం ట్రింగుమంటూ వచ్చి ఆగింది. ఊరంతా దిగింది. చేతుల్లో పెడళ్లు, చువ్వలు, తల మీద సీటు.

ఆయన శౌరయ్య గారిని ఏదో అడిగారు.

"ఇదేమిటని అడుగుతున్నారమ్మా."

"ఏటుందండి?" అంది అసిరమ్మ. "బస్సు ఆపీసినారు. సైకిలుంటేనే ఎక్కనిస్తామన్నారు. ఊరికి ఒక్క సైకిలుంది. విప్పీసి పంచుకున్నాం. మాకు సైకిలొద్దు బాబూ, బస్సు కావాల."

శౌరయ్య గారు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. గాస్టన్ గారు ముందు నవ్వారు. గట్టిగా, బల్ల అదిరేలా నవ్వారు. తర్వాత అసిరమ్మ మెడలోని చెయినును వేలితో ముట్టుకుని చూశారు. ఆయన కళ్లు మళ్లీ తడిశాయి. ఈసారి అది గర్వం కాదని నాకు కూడా తెలిసింది. ఏదో మెల్లగా అన్నారు.

"మా ఊళ్లో బస్సు ఆపినప్పుడు," అన్నారు శౌరయ్య గారు, "మేమంతా మర్యాదగా అర్జీ పెట్టుకుని ఇళ్లల్లో కూర్చున్నాం అంటున్నారమ్మా. మాకు ఇది తట్టలేదు అంటున్నారు."

అప్పుడు కారు వచ్చింది. అటెండర్లు రోడ్డు మీద కూలబడ్డారు. డైరెక్టరు గారు కోటు సర్దుకుంటూ దిగి, జనాన్ని చూసి, ఒక్క క్షణం తడబడి, సర్దుకున్నారు.

"తమరు చెప్పిన విధానాన్నే అనుసరించామని మనవి. బస్సు ఉపసంహరించాం, బడి విలీనం చేశాం, బేకరీ స్థాపించి మూతకు సిద్ధంగా ఉంచాం."

శౌరయ్య గారు చెప్పారు. గాస్టన్ గారు చేతిలో రొట్టె పక్కన పెట్టి, డైరెక్టరు గారిని కాసేపు అలాగే చూసి, ఒకే వాక్యం అన్నారు.

"మా ఊరు ఎలా చచ్చిపోయిందో చెబితే, మీరు దాన్ని రాసుకున్నారా? అని అడుగుతున్నారండి."

"అక్షరం పొల్లు పోకుండా," అన్నారు డైరెక్టరు గారు.

మేక ఒకటి వచ్చి గాస్టన్ గారి రొట్టె తీసుకుని వెళ్లిపోయింది.

ఆయన ఆ రాత్రి గుమ్మిడివలసలోనే ఉంటానని పట్టుబట్టి ఉన్నారు. మర్నాడు శకటంలో, అసిరమ్మ ఇచ్చిన చువ్వ ఒకటి పట్టుకుని, పిల్లల మధ్య కూర్చుని కొండ దిగారు. వెళ్లేముందు పత్రికల వాళ్లతో శౌరయ్య గారి ద్వారా ఒక మాట అన్నారు. ఇక్కడి చప్పుడు మా ఊరికి కావాలి, ఎలా తీసుకెళ్లాలో తెలియడం లేదు అన్నారు. అది అన్ని పత్రికల్లోనూ పడింది.

మా డైరెక్టరు గారు తప్పు చేశానని ఒప్పుకునే మనిషి కాదు. అలాంటి వాళ్లు ఆ కుర్చీ దాకా రారు. వారం లోపల కొత్త ఉత్తర్వు వచ్చింది. బూరుగుకొండ మార్గాన్ని విదేశీ నిపుణుల సిఫార్సు మేరకు 'సజీవ శబ్ద మార్గం'గా ఉన్నతీకరిస్తున్నాం అని. చప్పుడు కోసం బస్సు మళ్లీ బస్సయింది. అందరూ ఎక్కొచ్చు. దానికి హారన్ బిగించారు. ఎక్కాల కోసం బడి తాళం తీశారు. బేకరీని శాశ్వతం చేశారు. శబ్దం తగ్గకుండా చూడటానికి శబ్ద పర్యవేక్షణాధికారిని నియమించారు. అంటే నేనే. కుర్చీ అదే, మీటరు అదే. ముల్లు ఇంతకు తగ్గకూడదని ఈసారి ఎర్రగీత గీసి పంపారు. తగ్గితే స్థానికులు, ముఖ్యంగా టీ కొట్టు యజమానురాలు, స్వచ్ఛందంగా కేకలు వేసి సహకరించాలని ఉత్తర్వులో ఉంది.

ఆ ఉత్తర్వు అందిన మర్నాడు ఆదివారం. బడి లేదు. మస్తాన్ షెడ్డు వెనక నిద్రపోతున్నాడు. మేకలు కూడా పడుకున్నాయి. ముల్లు ఎర్రగీత దాటి కిందికి జారింది.

"అమ్మా, ఒక్క కేక వేద్దురూ," అన్నాను.

"ఏల?"

"ఉత్తర్వు."

అసిరమ్మ బల్ల మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. "నాకు కోపమొస్తే అరుస్తాను, గిరాకీ ఒస్తే పిలుస్తాను. మీ మిసను కోసం అరిసేదానికి నానేటి మైకునా?" అని నోరు మూసుకుంది. ఎంత బతిమాలినా తెరవలేదు.

ఇద్దరం అలాగే కూర్చున్నాం. జీడితోటలో ఆకు రాలితే వినబడేంత నిశ్శబ్దం. ఫ్రాన్సులో విన్నదీ ఇంతే ఉంది, కొలిస్తే ఇంకా కాస్త తక్కువే ఉండొచ్చు. కానీ ఇది బాగుంది. బస్సు వస్తుందని తెలిసి కూర్చున్నాం కాబట్టి బాగుందని అనుకుంటాను.

కింది మలుపులో సింహాచలం హారన్ కొట్టాడు. అసిరమ్మ లేచి పొయ్యి మీద పాలు పెట్టింది. నేను మీటరు ఆపేసి, నా గ్లాసు నేనే కడుక్కున్నాను.